వర్చువల్ రౌటర్ ఇమేజ్‌లతో ల్యాబ్: మూల ఫైల్‌ను చెడగొట్టుకోకుండా పని చేసే పద్ధతి

రౌటింగ్ నేర్చుకోవాలంటే ఒకప్పుడు పాత రౌటర్లు సెకండ్ హ్యాండ్‌లో కొని, గదిలో ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి ఫ్యాన్ల హోరు మధ్య కూర్చోవలసి వచ్చేది. 2005లో డైనమిప్స్ వచ్చి సిస్కో 7200 రౌటర్ హార్డ్‌వేర్‌ను మామూలు కంప్యూటర్‌లోనే అనుకరించి చూపిన తరువాత ఆ అవసరం చాలావరకు తగ్గింది. ఈ రోజు రౌటర్ తయారీదారులే తమ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వర్చువల్ మెషీన్‌గానో కంటైనర్‌గానో విడుదల చేస్తున్నారు; ఆ ఫైల్‌నే ఇమేజ్ అంటారు. జీఎన్‌ఎస్3, ఈవ్ ఎన్‌జీ, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్, కంటైనర్‌ల్యాబ్ వంటి సాధనాలు ఆ ఇమేజ్‌లను నోడ్‌లుగా, అంటే నెట్‌వర్క్‌లోని ఒక్కొక్క పరికరంగా నిలబెట్టి, వాటి మధ్య వర్చువల్ కేబుళ్లు కలుపుతాయి. సాధనం ఏదైనా, ల్యాబ్ నిలిచేదీ కూలేదీ ఎక్కువగా ఇమేజ్ ఫైల్‌ను మనం ఎలా తెచ్చుకున్నాం, ఎక్కడ ఉంచాం, ఎలా వాడుతున్నాం అన్నదాని మీదనే. అందుకే ఈ వ్యాసంలో టోపాలజీ బొమ్మల (ఏది దేనికి కలిసిందో చూపే పటాల) కంటే ఇమేజ్ గురించే ఎక్కువగా చెబుతాను. ఉదాహరణకు జీఎన్‌ఎస్3లో మైక్రోటిక్ సంస్థ వర్చువల్ రౌటర్ అయిన సీహెచ్‌ఆర్ ఇమేజ్‌ను తీసుకుంటాను, ఎందుకంటే దాన్ని ఎవరైనా తయారీదారు సైట్ నుంచి నేరుగా దించుకోవచ్చు, పైగా అది తక్కువ మెమరీతో నడుస్తుంది.

ఇమేజ్ ఎక్కడి నుంచి రావాలి

చేతులు మారుతూ వచ్చిన పెన్‌డ్రైవ్‌లో పదుల కొద్దీ రౌటర్ ఇమేజ్‌లు దొరకడం మన దగ్గర కొత్త సంగతి కాదు. వాటిని వాడవద్దని చెప్పడానికి నాకు రెండు కారణాలున్నాయి. లైసెన్సు మొదటిది: తయారీదారు అనుమతి లేకుండా పంచుతున్న ఇమేజ్‌ను ఇంట్లో నేర్చుకోవడానికి వాడినా అది అనుమతి లేని వాడకమే, ఉద్యోగంలో ఉన్నవారు కార్యాలయపు కంప్యూటర్‌లో దాన్ని నడిపితే ఆ చిక్కు సంస్థ మెడకు కూడా చుట్టుకుంటుంది. రెండవది పూర్తిగా సాంకేతికమైనది: ఎవరో ఒకసారి బూట్ చేసి, ఏదో మార్చి, మళ్లీ సర్దిపెట్టిన ఫైల్‌లో ఏముందో మనకు తెలియదు. ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) ఎందుకు కుదరడం లేదని మూడు గంటలు వెతికిన తరువాత తప్పు మన కాన్ఫిగరేషన్‌లో కాక ఇమేజ్‌లో ఉందని తేలితే, ఆ మూడు గంటల్లో మనం నేర్చుకున్నది ఏమీ ఉండదు.

సక్రమమైన దారులు ఇప్పుడు చాలినన్ని ఉన్నాయి. మైక్రోటిక్ సీహెచ్‌ఆర్‌ను ఉచిత లైసెన్సుతో కాలపరిమితి లేకుండా వాడుకోవచ్చు, కాకపోతే ఒక్కొక్క ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళ్లే వేగం సెకనుకు 1 మెగాబిట్ దాటదు. ప్రోటోకాల్‌లు నేర్చుకునేవారికి ఇది అడ్డు కాదు. వయోస్ అనే రౌటర్ సిస్టమ్ రోలింగ్ విడుదలలు (ఎప్పటికప్పుడు వచ్చే తాజా బిల్డ్‌లు) ఉచితంగా దొరుకుతాయి. నోకియా ఎస్ఆర్ లినక్స్ కంటైనర్‌ను ఏ నమోదూ లేకుండా దించుకోవచ్చు. అరిస్టా ఇమేజ్‌లకు ఉచిత ఖాతా చాలు. జూనిపర్ సంస్థ ల్యాబ్‌ల కోసం వీజూనోస్ స్విచ్‌ను, వీజూనోస్ రౌటర్‌ను ఉచితంగానే అందిస్తోంది. క్వాగా అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి 2017లో విడిపోయిన ఎఫ్‌ఆర్‌ఆర్ పూర్తిగా ఓపెన్ సోర్స్. సిస్కో ఇమేజ్‌లే కావాలనుకునేవారికి సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ చందా సరైన దారి; దానిలో ఇప్పుడు 5 నోడ్‌ల వరకు అనుమతించే ఉచిత రకం కూడా ఉంది.

ఫైల్ దిగిన వెంటనే చేయవలసిన పని చెక్‌సమ్ (ఫైల్ నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి విలువ) పోల్చడం. డౌన్‌లోడ్ పేజీలో షా256 విలువ ఉంటే, మన కంప్యూటర్‌లో అదే లెక్క వేసి రెండూ ఒకటేనో కాదో చూడాలి. మొదటి నాలుగు అక్షరాలూ చివరి నాలుగు అక్షరాలూ చూసి సరిపెట్టుకోవడం కంటే రెండు వరుసలనూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఒకదాని కింద ఒకటి అతికిస్తే తేడా కంటికే కనిపిస్తుంది. జీఎన్‌ఎస్3 అప్లయన్స్ ఫైళ్లలో (ఇమేజ్‌ను ఎలా పెట్టాలో చెప్పే ఫైళ్లలో) ప్రతి ఇమేజ్‌కూ ఎండీ5 విలువ ముందే రాసి ఉంటుంది కనుక, దిగుమతి చేసేటప్పుడు అది సరిపోలకపోతే ఆ సాధనమే చెబుతుంది. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా ముందుకు నొక్కేవారిని చాలామందిని చూశాను.

హోస్ట్‌ను సిద్ధం చేయడం

వర్చువల్ మెషీన్ రూపంలోని రౌటర్ ఇమేజ్‌లు క్యూఎము అనే ఎమ్యులేటర్ మీద నడుస్తాయి. ప్రాసెసర్ ఇచ్చే వర్చువలైజేషన్ సౌకర్యాన్ని లినక్స్ కెర్నెల్‌లోని కేవీఎమ్ ద్వారా వాడుకోగలిగితే క్యూఎము వేగంగా నడుస్తుంది, లేకపోతే ప్రతి సూచననూ సాఫ్ట్‌వేర్‌లోనే అనువదించుకుంటూ నత్తనడక నడుస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ లోపల జీఎన్‌ఎస్3 వీఎమ్‌ను (నోడ్‌లను నడిపే లినక్స్ వర్చువల్ మెషీన్‌ను) నడిపేవారు రెండు అంతస్తుల వర్చువలైజేషన్‌లో ఉన్నట్టు లెక్క. అందువల్ల బయాస్‌లో ఇంటెల్ వీటీ ఎక్స్ లేదా ఏఎమ్‌డీ వీ ఆన్‌లో ఉండడమే కాక, ఆ వీఎమ్ ప్రాసెసర్ సెట్టింగులలో దాన్ని లోపలి అంతస్తుకు అందించే గడిలో కూడా టిక్ పెట్టాలి. ఇంత చేసినా కేవీఎమ్ అందుబాటులో లేదనే సందేశం వస్తే, విండోస్‌లోని హైపర్ వీ గానీ, సెక్యూరిటీ సెట్టింగులలోని మెమరీ ఇంటెగ్రిటీ గానీ ఆ సౌకర్యాన్ని ముందే తన అధీనంలో పెట్టుకుందేమో చూడాలి. ఎమ్1, ఆ తరువాతి చిప్‌లున్న మ్యాక్‌లలో ఎక్స్86 ఇమేజ్‌లకు ఈ వేగం దొరకదు. అక్కడ ఆర్మ్ కోసమే తయారైన కంటైనర్‌లను ఎంచుకోవడం మేలు.

మెమరీ లెక్కను ల్యాబ్ గీయడానికి ముందే వేసుకోవాలి. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ హాస్టల్ గదిలో 16 జీబీ ల్యాప్‌టాప్‌తో ఉన్న విద్యార్థినే తీసుకుందాం. విండోస్‌కూ బ్రౌజర్‌కూ 6 జీబీ వదిలితే జీఎన్‌ఎస్3 వీఎమ్‌కు 10 జీబీ మిగులుతుంది. సీహెచ్‌ఆర్ ఏడవ వెర్షన్‌కు కనీసం 256 ఎంబీ చాలు కనుక, ఆ 10 జీబీలో ఇరవై రౌటర్లు పెట్టినా ఇంకా ఊపిరి ఆడుతుంది. అదే వీజూనోస్ రౌటర్ అయితే ఒక్కొక్కదానికి 5 జీబీ, 4 కోర్లు అడుగుతుంది. ఒకటి సుఖంగా నడుస్తుంది, రెండవది పెట్టేసరికి వీఎమ్ స్వాప్‌లోకి (మెమరీ చాలక డిస్క్‌ను వాడుకునే స్థితిలోకి) జారుతుంది. కోర్‌ల విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. కొన్ని రౌటర్ ఇమేజ్‌లు ప్యాకెట్లు వచ్చాయా అని నిరంతరం చూస్తూ (పోల్ చేస్తూ), ట్రాఫిక్ ఏమీ లేనప్పుడు కూడా తమకిచ్చిన కోర్‌ను నూటికి నూరు శాతం తినేస్తాయి. డైనమిప్స్‌లో పాత సిస్కో ఐఓఎస్ కూడా ఇలాగే ప్రవర్తించేది, అందుకే దానికి ఐడిల్ పీసీ (రౌటర్ ఖాళీగా ఉన్న చోటును సూచించే) విలువ వెతికి పెట్టుకోవలసి వచ్చేది. ఫ్యాన్ హోరు తగ్గడం లేదంటే ముందు ఏ నోడ్ కోర్‌ను తింటున్నదో చూడాలి.

మూల ఇమేజ్, దాని పైపొర

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ భాగమే. జీఎన్‌ఎస్3లో ఒక టెంప్లేట్‌ను (నోడ్‌లను తయారుచేసే అచ్చును) లింక్డ్ బేస్‌గా పెట్టినప్పుడు, కాన్వాస్ మీదికి లాగిన ప్రతి నోడ్‌కూ ఇమేజ్ మొత్తం కాపీ కాదు. దానికి బదులు క్యూకౌ2 రకానికి చెందిన ఒక చిన్న ఫైల్ ప్రాజెక్టు ఫోల్డర్‌లో పుడుతుంది. నోడ్ దేన్నైనా చదవాలనుకుంటే ముందు ఆ చిన్న ఫైల్‌లో చూస్తుంది, అక్కడ లేకపోతే మూల ఇమేజ్‌లో చూస్తుంది. రాయాలనుకుంటే మాత్రం ఎప్పుడూ ఆ చిన్న ఫైల్‌లోనే రాస్తుంది. దీన్నే ఓవర్‌లే అంటారు, పైపొర అనుకుందాం. ఈవ్ ఎన్‌జీ పద్ధతి కూడా ఇదే. పది రౌటర్లున్న ల్యాబ్ డిస్క్ మీద ఇంత తక్కువ చోటు తీసుకోవడానికి కారణం పదింటికీ మూలం ఒక్కటే కావడం.

ఇందులోంచే ఒక కఠినమైన నియమం పుడుతుంది: పైపొర ఒక్కటైనా పుట్టిన తరువాత మూల ఇమేజ్‌లో ఒక్క బైట్ కూడా మారకూడదు. ఈ నియమాన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. ప్రతి కొత్త రౌటర్‌కూ పాస్‌వర్డ్, టైమ్‌జోన్, డీఎన్‌ఎస్ పెట్టుకోవడం విసుగనిపించి, ఒక రాత్రి మూల ఇమేజ్‌నే నేరుగా బూట్ చేసి, అవన్నీ సరిచేసి, షట్‌డౌన్ చేశాను. కొత్తగా లాగిన నోడ్‌లు చక్కగానే వచ్చాయి. మరునాడు పాత ప్రాజెక్టు తెరిస్తే, నెల రోజుల ఎంపీఎల్‌ఎస్ పని ఉన్న పన్నెండు రౌటర్లలో కొన్ని ఫైల్ సిస్టమ్ లోపాలతో బూట్ మధ్యలో ఆగిపోయాయి, కొన్ని బూట్ అయ్యి కాన్ఫిగరేషన్ సగం మరచిపోయాయి. జరిగిందేమిటంటే, ప్రతి పైపొరలోని తేడాలు పాత మూలంతో పోల్చి రాసుకున్నవి; కింద మూలం మారిపోయేసరికి పైన ఉన్న సగమూ కింద ఉన్న సగమూ రెండు వేర్వేరు రోజులకు చెందిన డిస్క్ ముక్కలయ్యాయి. పాత మూల ఫైల్ కాపీ ఉండి ఉంటే దాన్ని వెనక్కి పెట్టగానే అన్నీ లేచేవి. నా దగ్గర లేదు. విత్తనపు వడ్లు దంచుకుని తిన్న రైతు పరిస్థితి నాది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న క్రమం ఇది. ఇమేజ్ ఫైల్ పేరులో వెర్షన్ సంఖ్య తప్పకుండా ఉంచుతాను. చెక్‌సమ్ సరిపోయిన వెంటనే ఆ ఫైల్‌కు చదివే అనుమతి మాత్రమే మిగిల్చి, రాసే అనుమతి తీసేస్తాను. మరో కాపీని బయటి డిస్క్‌లో ఉంచుతాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫైల్ మీద దాన్ని కుమ్మరించకుండా, పక్కన కొత్త పేరుతో పెట్టి కొత్త టెంప్లేట్ చేస్తాను. పాత వెర్షన్‌ను తొలగించాలనిపిస్తే, ఏ ప్రాజెక్టూ దాని మీద ఆధారపడి లేదని ముందు నిర్ధారించుకుంటాను. క్యూఎము ఇమేజ్ సాధనానికి ఇన్ఫో అనే ఆదేశం ఇస్తే, ఏ పైపొర ఏ మూల ఫైల్ మీద ఆధారపడి ఉందో బ్యాకింగ్ ఫైల్ అనే వరుసలో చూపిస్తుంది.

ముందే సరిచేసిన ఇమేజ్ కావాలన్న కోరిక మాత్రం న్యాయమైనదే. దానికి దారి ఉంది. మామూలు టెంప్లేట్ నుంచి ఒక నోడ్‌ను లాగి, కావలసిన మార్పులు చేసి, సక్రమంగా షట్‌డౌన్ చేయాలి. తరువాత ఆ నోడ్ పైపొరను క్యూఎము ఇమేజ్ సాధనపు కన్వర్ట్ ఆదేశంతో కొత్త పేరున్న క్యూకౌ2 ఫైల్‌గా రాయించాలి. కన్వర్ట్ చేసినప్పుడు పైపొరా మూలమూ కలిసి ఒకే సంపూర్ణ ఫైల్ తయారవుతుంది, అసలు మూలం అలాగే ఉంటుంది. అదే సాధనంలో కమిట్ అనే ఆదేశం కూడా ఉంది; అది పైపొరలోని మార్పులను మూలంలోకే దించేస్తుంది, అంటే నేను ఆ రాత్రి చేతితో చేసిన తప్పునే ఒక్క వరుసలో చేస్తుంది. ఆ మూలం మీద ఇంకే పైపొరా లేదని కచ్చితంగా తెలిసినప్పుడు తప్ప కమిట్ జోలికి వెళ్లవద్దు.

ఇలా ఒకసారి బూట్ చేసిన నోడ్ నుంచి కొత్త మూలం తయారు చేసినప్పుడు, ఆ నోడ్ గుర్తింపు కూడా దానితోపాటు వచ్చేస్తుంది. వయోస్‌లో ఇది వెంటనే బయటపడుతుంది: దాని కాన్ఫిగరేషన్‌లో ప్రతి ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్ కిందా హార్డ్‌వేర్ ఐడీ పేరుతో మ్యాక్ అడ్రస్ రాసి ఉంటుంది, క్లోన్‌కు కొత్త మ్యాక్ రాగానే అది పాత పేర్లను పాత మ్యాక్‌లకే వదిలేసి, కొత్త వాటికి తరువాతి సంఖ్యలు ఇస్తుంది. ఈటీహెచ్0 మీద అడ్రస్ పెట్టాననుకుంటే అసలు కేబుల్ ఈటీహెచ్2 మీద ఉంటుంది. ఆ వరుసలను తొలగించిన తరువాతే మూలం తయారు చేయాలి. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలకూ ఇదే వర్తిస్తుంది. సీహెచ్‌ఆర్‌లో అయితే ట్రయల్ లైసెన్సు తీసుకోవాలనుకునేవారు క్లోన్ మీద లైసెన్స్ మెనూలోని కొత్త ఐడీ తయారుచేసే ఆదేశాన్ని ముందు నడపాలి, లేకపోతే లైసెన్సు సర్వర్ దృష్టిలో రెండు రౌటర్లకూ ఒకే గుర్తింపు ఉంటుంది.

టెంప్లేట్ వివరాలు

సీహెచ్‌ఆర్ టెంప్లేట్‌కు 256 ఎంబీ ర్యామ్, 1 కోర్, వర్టియో రకపు నెట్‌వర్క్ కార్డు, 8 అడాప్టర్లు, టెల్నెట్ కన్సోల్ పెట్టుకుంటే సరిపోతుంది. కార్డు రకం ఇమేజ్‌ను బట్టి మారుతుంది. సిస్కో ఐఓఎస్‌వీకి ఈ1000 పెట్టాలి. ఇమేజ్‌లో డ్రైవర్ లేని కార్డు పెడితే రౌటర్ హాయిగా బూట్ అవుతుంది, ఇంటర్‌ఫేస్‌లు మాత్రం ఒక్కటీ కనిపించవు. పోర్టు పేర్ల నమూనాను కూడా ఇప్పుడే సరిచేయాలి: సీహెచ్‌ఆర్ లోపల లెక్క ఈథర్1 నుంచి మొదలవుతుంది, జీఎన్‌ఎస్3 మామూలుగా సున్నా నుంచి లెక్కిస్తుంది. బొమ్మలో ఒక పేరు, కన్సోల్‌లో ఇంకో పేరు ఉంటే పది నోడ్‌ల ల్యాబ్‌లో ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తున్నదో చెప్పడం దేవుడి తరం కూడా కాదు. ప్రాజెక్టు మూసినప్పుడు నోడ్‌ను ఏం చేయాలన్న ఐచ్ఛికంలో, ఇమేజ్ మద్దతు ఇస్తే, పవర్ ఆఫ్‌కు బదులు ఏసీపీఐ షట్‌డౌన్ (సక్రమంగా ఆపే సంకేతం) ఎంచుకుంటే పైపొరలు పాడయ్యే ప్రమాదం తగ్గుతుంది.

మూడు రౌటర్లతో మొదటి పరీక్ష

కొత్త ఇమేజ్ పెట్టిన వెంటనే పెద్ద ల్యాబ్ కట్టకుండా, మూడు రౌటర్ల త్రిభుజంతో దాన్ని పరీక్షించడం నా అలవాటు. ఆర్1, ఆర్2, ఆర్3 లను లాగి, ఒక్కొక్కటిగా స్టార్ట్ చేయండి. అన్నీ ఒకేసారి లేపితే డిస్క్ మీద, కోర్‌ల మీద పడే భారానికి చిన్న ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. కన్సోల్‌లో లాగిన్‌కు యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఖాళీ. లైసెన్సు చదువుతారా అని అడిగితే వద్దని చెప్పి, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. సీహెచ్‌ఆర్ మొదటి ఇంటర్‌ఫేస్ మీద డీహెచ్‌సీపీ క్లయింట్‌ను ముందే పెట్టుకుని వస్తుంది. ఆ ఇంటర్‌ఫేస్‌ను మరో రౌటర్‌కు కలుపుతున్నాం కనుక దాన్ని తీసేయండి.

ఆర్1, ఆర్2 మధ్య 10.0.12.0/30, ఆర్2, ఆర్3 మధ్య 10.0.23.0/30, ఆర్1, ఆర్3 మధ్య 10.0.13.0/30 ఇవ్వండి. లూప్‌బ్యాక్ (ఏ కేబుల్‌కూ చెందని, రౌటర్ సొంత అడ్రస్) కోసం ఏ పోర్టూ లేని ఒక ఖాళీ బ్రిడ్జ్ చేసి, దాని మీద 10.255.0.1/32, 10.255.0.2/32, 10.255.0.3/32 పెట్టండి. ఆ తరువాత రౌటింగ్ మెనూలోని ఓఎస్‌పీఎఫ్ కింద వరుసగా ఇన్‌స్టెన్స్, అందులో రౌటర్ ఐడీ, ఆపై 0.0.0.0 ఏరియా, చివరగా ఇంటర్‌ఫేస్ టెంప్లేట్ చేర్చాలి. ఆరవ వెర్షన్ నుంచి వచ్చినవారు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అప్పటి నెట్‌వర్క్ ఆదేశం స్థానంలో ఏడవ వెర్షన్‌లో ఇంటర్‌ఫేస్ టెంప్లేట్ వచ్చింది. రెండు రౌటర్లే ఉన్న లింకులు కనుక రకాన్ని పాయింట్ టు పాయింట్‌గా పెడితే డీఆర్ (ప్రతినిధి రౌటర్) ఎన్నిక తంతు ఉండదు. నైబర్ జాబితాలో రెండు పొరుగు రౌటర్లూ ఫుల్ స్థితికి రావాలి. ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఆగిపోతే రెండు చివరల ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) ఒకటేనా అని ముందుగా చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆర్1 నుంచి 10.255.0.2కు పింగ్ నడుస్తుండగా, ఆర్2 కన్సోల్‌లో ఆర్1 వైపున్న ఇంటర్‌ఫేస్‌ను డిసేబుల్ చేయండి. నిజమైన కేబుల్ అయితే ఆర్1 వైపు దీపం వెంటనే ఆరిపోయేది. ఇక్కడ ఆర్1 తన ఇంటర్‌ఫేస్ ఇంకా నడుస్తూనే ఉందని చూపిస్తుంది, పింగ్ మాత్రం ఆగిపోతుంది. జీఎన్‌ఎస్3లో నోడ్‌ల మధ్య కేబుల్ అనేది నిజానికి ఒక యూడీపీ టన్నెల్. అటు చివర రౌటర్ తన పోర్టును మూసుకున్న సంగతి ఇటు చివరకు తెలిసే దారి లేదు. అందువల్ల ఆర్1 పొరుగును కోల్పోయినట్టు గుర్తించడానికి ఓఎస్‌పీఎఫ్ డెడ్ ఇంటర్వెల్, అంటే మామూలుగా 40 సెకన్లు, పడుతుంది. ఇది చూసి ఆ రౌటర్ కన్వర్జెన్స్ (కొత్త దారికి మారడం) అంత నెమ్మది అని నిర్ణయానికి రావడం అన్యాయం. లింకు తెగినప్పటి ప్రవర్తన చూడాలంటే కాన్వాస్ మీద ఆ లింకునే సస్పెండ్ చేయాలి, లేదా బీఎఫ్‌డీ (పొరుగు పడిపోయిందని వేగంగా పట్టే ప్రోటోకాల్) పెట్టుకోవాలి.

ఇటువంటి తేడాలు ప్రతి సాధనంలోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. మామూలు లినక్స్ బ్రిడ్జ్ మీద కట్టిన లింకుల్లో ఎల్‌ఎల్‌డీపీ (పొరుగు పరికరాలను కనిపెట్టే), ఎల్‌ఏసీపీ (లింకులను జోడించే) ప్రోటోకాల్‌ల ఫ్రేములను బ్రిడ్జ్ తనలోనే మింగేస్తుంది. వేగం కొలిచే ప్రయత్నం అసలు పెట్టుకోవద్దు. ఉచిత సీహెచ్‌ఆర్ 1 మెగాబిట్ దగ్గర ఆగిందంటే అది లైసెన్సు పరిమితి తప్ప మీ క్యూ కాన్ఫిగరేషన్ ఘనత కాదు.

ల్యాబ్‌ను మరొకరికి ఇచ్చేటప్పుడు

ప్రతి రౌటర్ కాన్ఫిగరేషన్‌ను ఎక్స్‌పోర్ట్ ఆదేశంతో టెక్స్ట్ రూపంలో తీసి ప్రాజెక్టు పక్కన ఉంచుకోవాలి. పైపొర చెడినా ఆ టెక్స్ట్ ఉంటే అరగంటలో ల్యాబ్ తిరిగి లేస్తుంది. నా పన్నెండు రౌటర్లకు లేనిది అదే. ప్రాజెక్టును పోర్టబుల్ రూపంలో ఎగుమతి చేసేటప్పుడు మూల ఇమేజ్‌లను చేర్చాలా అని జీఎన్‌ఎస్3 అడుగుతుంది. వద్దని చెప్పండి. ఫైల్ చిన్నదవుతుంది, అనుమతి లేని ఇమేజ్ పంపిణీ చేసిన తప్పు కూడా మీ మీదికి రాదు. దానికి బదులు ప్రాజెక్టు రీడ్‌మీలో ఇమేజ్ పేరు, పూర్తి వెర్షన్ సంఖ్య, చెక్‌సమ్ రాసిపెడితే, అవతలివారు తయారీదారు సైట్ నుంచి సరిగ్గా అదే ఫైల్‌ను తెచ్చుకుని, అదే మూలం మీద మీ పైపొరలను నిలబెట్టుకోగలుగుతారు. వెర్షన్‌లో ఒక్క అంకె తేడా ఉన్నా, పైపొరలను పక్కన పెట్టి టెక్స్ట్ కాన్ఫిగరేషన్‌ల నుంచే ల్యాబ్ మొదలుపెట్టమని అదే రీడ్‌మీలో రాయండి.